ఉల్లి ఇంటి ఆనవాళ్లు

కిందటి కార్తీకంలో మా వంటింటి బుట్టలో ఒక ఉల్లిగడ్డ మొలకెత్తింది. పారేయబుద్ధి కాక పెరట్లో కుండీలో పెట్టాను. నాలుగు కాడలు వస్తే పప్పులోకి కోసుకోవచ్చన్నంతే ఆశ. సంక్రాంతి దాటాక ఆ కాడల మధ్య నుంచి ఇంకో తీరు కాడ లేచింది. ఆకుల కన్నా లావు, ఈటెలా నిటారు. నడుముకు కాస్త కిందుగా ఉబ్బి, పైకి పోనుపోను సన్నబడింది. కొసన గుమ్మటంలాంటి మొగ్గ, దాని మీద పల్చని తెల్ల ముసుగు. కొన్నాళ్లకు ఆ ముసుగు చిరిగి, లోపల కిక్కిరిసి ఉన్న మొగ్గలు బంతిలా విచ్చుకున్నాయి. రోజూ చేత్తో పట్టుకుని తరిగే గడ్డలో ఇంత పనితనం ఉందని అప్పుడే తీరిగ్గా చూశాను.

ఆ కుండీ పక్కన కూర్చుని చూసిందీ, పుస్తకాల్లో చదివిందీ కలిపి ఉల్లి కుటుంబాన్ని పరిచయం చేయాలని ఈ వ్యాసం. తోటలోనో, కొండమీదో, పరాయి దేశపు పచ్చికలోనో ఉల్లిని పోలిన మొక్క ఎదురైతే అది అవునో కాదో తేల్చే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్ని నమ్ముకున్నా మోసపోతాం. అన్నీ కలిపి చూస్తే మొక్క తన ఇంటిపేరు తానే చెబుతుంది.

పేరులో ఉన్న పోలిక

నీరుల్లి, వెల్లుల్లి. వెల్ల అంటే తెలుపు. వెల్ల ఉల్లి వెల్లుల్లి అయింది. తెలంగాణలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. రాయలసీమలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ. కోస్తాలో ఉల్లిపాయ, వెల్లుల్లిపాయ. ఏ సీమ మాట తీసుకున్నా రెండింటినీ జంటగా పిలిచారు. నిజానికి చూపుకు అవి రెండూ ఒకలా ఉండవు. ఒకటి ఒంటిగడ్డ, ఇంకొకటి పాయల కట్ట. ఒకదాని ఆకు గొట్టం, ఇంకొకదానిది పట్టీ. అయినా అవి ఒక ఇంటివేనని మన పెద్దలు పట్టేశారు.

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1753లో ‘స్పీషీస్ ప్లాంటారమ్’ గ్రంథంలో చేసిందీ ఇదే. రెండింటినీ ఆలియం అనే ఒకే ప్రజాతిలో చేర్చి, ఉల్లికి ఆలియం సెపా అని, వెల్లుల్లికి ఆలియం సటైవం అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆలియం అంటే వెల్లుల్లి. మన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలు బల్బుకు వాడే ‘లశునం’ అన్న మాట కూడా సంస్కృతంలో వెల్లుల్లి పేరే.

ఈ ప్రజాతిలో ఇవాళ 900కు పైగా జాతులను లెక్కపెడుతున్నారు. దాదాపు అన్నీ ఉత్తరార్ధగోళానివే. చాలాకాలం వీటిని లిల్లీ కుటుంబంలో ఉంచారు. ఆ తర్వాత డీఎన్ఏ పరిశీలనల ఆధారంగా, 2009లో వెలువడిన ఏపీజీ-3 అనే పూలమొక్కల వర్గీకరణ వీటిని అమరిల్లిడేసీ కుటుంబంలో ఒక ఉపకుటుంబంగా చేర్చింది. అంటే మన తోటల్లోని వాన లిల్లీ, స్పైడర్ లిల్లీ ఉల్లికి దాయాదులన్నమాట. ఈ చుట్టరికమే పోల్చుకోవడంలో చిక్కు తెస్తుంది. ఆ సంగతికి ముందు అసలు ఉల్లి ఎలా కట్టుకొచ్చిందో చూడాలి.

ఒరలో ఒర

ఒక ఉల్లిగడ్డను పైనుంచి కిందికి, నిలువునా రెండుగా కోయండి. అడుగున వేర్లు పుట్టేచోట గట్టిగా, బిళ్లలా ఒక ముక్క కనబడుతుంది. కూరకు తరిగేటప్పుడు మనం మొదట కోసి పారేసేది అదే. ఉల్లి మొక్కకు కాండమంతా ఆ బిళ్లే. మిగిలిందంతా ఆకు. అడ్డంగా తరిగినప్పుడు వచ్చే చక్రాల్లో ఒక్కో వలయం ఒక్కో ఆకు అడుగుభాగం.

ఆకుకు రెండు భాగాలు. పైన పచ్చటి గొట్టం, కింద తెల్లటి ఒర. ఆ ఒర అతుకూ చీలికా లేని పూర్తి చుట్టు. గొట్టం, ఒర కలిసేచోట లోపలివైపు సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. తర్వాత పుట్టిన ఆకు ముందు ఆకు ఒరలోనే పెరిగి, ఆ రంధ్రంలోంచి తల బయటపెడుతుంది. దానికీ అలాంటి రంధ్రమే, ఎదురు పక్కన. మూడోది మళ్లీ ఇటువైపు. ఇలా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు రెండు వరుసల్లో ఆకులు సర్దుకుంటాయి. లేత ఉల్లికాడను చాకుతో నెమ్మదిగా చీల్చి చూస్తే ఈ ఏర్పాటంతా కంటికి కనిపిస్తుంది. లేత ఆకుకు ఎండ తగలదు, గాలి తగలదు. పెద్దాకు కడుపులోనే ఎదిగి, తన పని తాను చేసుకునే వయసుకు బయటికొస్తుంది.

గడ్డ ఊరే కాలానికి మొక్క పద్ధతి మారుస్తుంది. కొత్తగా పుట్టే ఆకులకు పచ్చటి గొట్టం ఉండదు, కండపట్టిన ఒర మాత్రమే ఉంటుంది. మెడలోంచి పైకి వచ్చే కొత్త ఆకు లేకపోవడంతో మెడ లోపల డొల్లవుతుంది, పైనున్న కాడల బరువుకు వంగిపోతుంది. మడిలో కాడలు వాలిపోతుంటే గడ్డ పక్వానికి వచ్చిందని రైతు తెలుసుకునేది అందుకే. బయటి రెండు మూడు ఒరలు ఎండి కాగితంలా మారి, లోపలి తేమను కాపాడతాయి. కర్నూలు మార్కెట్‌కు వచ్చే పెద్దగడ్డైనా, కడప జిల్లా కృష్ణాపురం చిన్నగడ్డైనా లోపలి కట్టుబడి ఇదే.

వెల్లుల్లి ఇదే సామగ్రితో వేరే ఇల్లు కట్టింది. ఆకు మొదళ్లలో పుట్టే మొగ్గలే పాయలుగా ఊరతాయి. ఒక్కో పాయకు బయట గట్టి పొట్టు ఒక ఆకు, లోపలి కండ ఇంకో ఆకు, ఆ కండ మధ్యలో ఉన్న పచ్చటి మొలక మరో ఆకు. పాయను నిలువునా చీలిస్తే మూడూ కనిపిస్తాయి. ఉల్లి తన కండనంతా ఒక్క గడ్డలో పోగేసుకుంటుంది, వెల్లుల్లి పిల్లలకు పంచిపెడుతుంది. మనం తినే వెల్లుల్లి సాధారణంగా గింజ కట్టదు; పాయలు నాటే దాన్ని పండిస్తారు.

ఆకు చెప్పే తేడా

ఈ ఇంటి మనుషులను ఒకరినుంచి ఒకరిని విడదీసి చూడటానికి ఆకును అడ్డంగా కోసి చూడటమే సులువైన దారి. ఉల్లి ఆకు డొల్ల, కానీ పూర్తి గుండ్రన కాదు; లోపలివైపు కాస్త చదును. తూర్పు ఆసియావాళ్లు పెంచే కాడల ఉల్లి, ఆలియం ఫిస్టులోసం, నిండు గుండ్రం. దానికి పెద్దగడ్డ ఊరదు. ఇదే ఇంటి చైవ్స్ ఆకూ డొల్లే, కాని గడ్డిపోచంత సన్నం. పువ్వు ఊదా గులాబీ. వెల్లుల్లి ఆకు చదును, లోపల నిండు, మధ్య ఈనె దగ్గర మడత. ఈ ఇంటిదే అయిన లీక్స్ ఆకు అంతకన్నా వెడల్పు, విసనకర్రలా రెండు వరుసల్లో తెరుచుకుంటుంది.

మన దేశంలో సహజంగా పెరిగే ఉల్లి జాతులు ఎక్కువగా హిమాలయాలవి. ఉత్తరాఖండ్ వంటిళ్లలో జంబు అనే అడవి ఉల్లి ఎండురెబ్బలతో పప్పుకు తాలింపు వేస్తారు. మణిపూర్ పెరళ్లలో మరోయి నకుప్పి, మరోయి నపాక్పి అని రెండు పెంచుతారు. రెండింటికీ ఆకు చదునే. మొదటిది సన్నటి పట్టీ. రెండోది, అంటే ఆలియం హుకెరీ, వెడల్పాకు, ఈనె ప్రస్ఫుటం, గడ్డ పేరుకే, వేర్లు మాత్రం కండగలవి. ఉల్లి అనగానే గడ్డ గుర్తుకొచ్చే మనకు ఇదొక పాఠం. గడ్డ లేకపోయినా ఉల్లే కావచ్చు.

వాసన పుట్టే క్షణం

ఉల్లిగడ్డను కోయకుండా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు రాదు. చాకు దిగిన మరుక్షణం వస్తుంది. ఎందుకంటే ఆ ఘాటు గడ్డలో సిద్ధంగా లేదు. గంధకం ఉన్న పదార్థాలు కణద్రవ్యంలో ఒకచోట, వాటిని విడగొట్టే ఎంజైమ్ రిక్తికలో ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. మధ్యలో ఒక పల్చని పొర అడ్డు. చాకు ఆ గోడను తెంచితే రెండూ కలుస్తాయి, ఘాటు అప్పటికప్పుడు తయారవుతుంది. ఉల్లిలో కన్నీరు తెప్పించే వాయువు పుట్టడానికి ప్రత్యేకంగా ఇంకో ఎంజైమ్ ఉందని జపాన్ పరిశోధకులు 2002లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. వెల్లుల్లిలో పాయ నలిగినప్పుడు పుట్టేది ఆలిసిన్. పురుగు కొరికితే తప్ప ఆయుధం బయటికి తీయని కాపలా ఇది. దుంపను తవ్వకుండా, పువ్వుకోసం ఆగకుండా, ఆకుకొస నలిపి మొక్కను పరీక్షించే వీలు మనకు దీనివల్లే దక్కింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ వాసన వేళ్లను పట్టుకుని వదలదు. ఒక్క ఉల్లి ఆకు నలిపాక అదే చేత్తో నలిపిన గడ్డిపోచ కూడా ఉల్లిలా ఘుమాయిస్తుంది. ఒక్కో మొక్కకూ చేతులు కడుక్కోవాలి.

ఒక్క పువ్వు, భూతద్దం కింద

మా కుండీలోని బంతిలోంచి ఒక్క పువ్వు తుంచి భూతద్దం కింద పెట్టాను. చాలా చిన్న పువ్వు. ఆరు తెల్లటి రేకులు, ఒక్కో రేకు నడిమధ్య సన్నటి ఆకుపచ్చ చార. ఆరు కేసరాలు, వాటిలో లోపలి మూడింటి దండాలు మొదట్లో వెడల్పుగా ఉంటాయి. నడుమ మూడు గదుల అండాశయం, ఒక్కో గదిలో రెండేసి అండాలు. అన్నీ ఫలిస్తే ఆరు గింజలు. ఆ గింజలు బొగ్గంత నలుపు.

విచ్చుకున్న పువ్వులో కీలం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ముందు లోపలి మూడు కేసరాలు పుప్పొడి రాలుస్తాయి, ఆ తర్వాత బయటి మూడు. ఆ పని ముగిశాకనే కీలం సాగి, కీలాగ్రం పుప్పొడిని అందుకోవడానికి సిద్ధమవుతుంది. ఒక పువ్వు తన పుప్పొడితో తానే ఫలించకుండా మొక్క కాలాన్ని ఇలా రెండుగా పంచింది. అండాశయం చుట్టూ మకరందం ఊరుతుంది; దానికోసం తిరిగే తేనెటీగ ఈ పువ్వు పుప్పొడిని ఆ పువ్వుకు చేరుస్తుంది. ఉల్లి విత్తనం పండించే రైతులు చేలో తేనెటీగల పెట్టెలు పెట్టుకునేది ఇందుకే.

పోల్చుకోవడానికి పువ్వులో మూడు సంగతులు చూడాలి. ఒకటి, కాడ మీద ఆకు ఉండదు; భూమట్టం నుంచి పూలబంతి దాకా కణుపే లేని ఒక్క నిడివి. రెండు, పూలతొడిమలన్నీ కాడ కొసన ఒక్కచోటి నుంచి గొడుగుపుల్లల్లా విచ్చుకుంటాయి. దీన్ని పుస్తకాల్లో గుచ్ఛం అంటారు. విచ్చుకోకముందు గుచ్ఛమంతటినీ ఒక పొర కప్పి ఉంచుతుంది. మూడు, అండాశయం రేకుల మధ్య, వాటికి పైన కూర్చుంటుంది.

ఈ మూడోదే దాయాదులను విడదీస్తుంది. స్పైడర్ లిల్లీకీ ఆకులేని కాడ ఉంది, పొర ఉంది, గుచ్ఛమూ ఉంది. కానీ దాని అండాశయం రేకులకు దిగువన ఉబ్బుగా ఉంటుంది. తొలివానకు పూసే వాన లిల్లీలో తెల్లపూల రకం ఆకు అచ్చం చైవ్స్ ఆకులా ఉంటుంది. అయితే కాడకు ఒకటే పువ్వు, అండాశయం కిందే. నలిపితే ఉల్లి వాసన రాదు. దాని గడ్డ విషం. పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి తెలిసుండాలి.

దొంగ సాక్ష్యాలు

వాసన ఉంటే చాలునా? చాలదు. నగరాల్లో గేట్ల మీదికి పాకించే వెల్లుల్లి తీగ ఆకు నలిపితే చక్కగా వెల్లుల్లి వాసనే. పువ్వు చూస్తే ఊదారంగు బాకా, ఆకుల్లో వల అల్లినట్టు ఈనెలు. అది బిగ్నోనియా కుటుంబానిది, ఉల్లికి ఏమీ కాదు. పండగపూట ఉల్లి మానేసి తాలింపులో వేసే ఇంగువ ఘాటుకూ గంధకమే కారణం. ఆ మొక్క మాత్రం కొత్తిమీర, జీలకర్రల చుట్టం. వాటి పూలూ గొడుగులే, కాని గొడుగులో గొడుగు.

రూపం ఉంటే చాలునా? అదీ చాలదు. మన కొండల్లో, బీళ్లలో నక్క ఉల్లి అనే మొక్క ఉంది. అడవి ఉల్లి అనీ అంటారు. దాని గడ్డను చూస్తే తెల్ల ఉల్లిగడ్డే అనుకుంటాం. పొరలూ అలాగే, అడుగున బిళ్లా అలాగే. పువ్వులోనూ ఆరు రేకులు, ఆరు కేసరాలు, అండాశయం పైనే. ఇంత దగ్గరి పోలికలోనూ తేడా పట్టిచ్చేది పూల అమరిక. ఆకులు రాకముందే ఒంటి కాడ లేచి, దాని పొడవునా దూరదూరంగా ఒక్కో పువ్వు తలవంచుకుని ఉంటుంది. గుచ్ఛం లేదు. నలిపితే ఉల్లి ఘాటు లేదు. కణాల్లోని సూదుల్లాంటి స్ఫటికాలు చర్మానికి తగిలితే దురద పుట్టిస్తాయి. గడ్డలో గుండె మీద పనిచేసే విషపదార్థాలున్నాయి. ఇండియన్ స్క్విల్ పేరుతో దీన్ని తగు మోతాదులో మందుగా వాడారు, కూరగాయగా మాత్రం ఇది పనికిరాదు. తెలుగులో మొక్కపేరు ముందు నక్క, అడవి, పిచ్చి లాంటి మాటలు చేరాయంటే చాలాసార్లు అది హెచ్చరిక. పోలిక ఉంది, నమ్మొద్దు అని.

ఈ మొక్కను శాస్త్రానికి పరిచయం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా వెళ్లేముందు ఆయన ఏళ్ల తరబడి సామర్లకోటలో ఉండి, ఈ ప్రాంతపు మొక్కలను పరిశీలించాడు, తెలుగు పేర్లను రాసుకున్నాడు. స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి బొమ్మలు గీయించాడు. వాటిలోంచి ఎంచి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ లండన్‌లో అచ్చయింది. ఆ బొమ్మల్లో మొక్కతోపాటు విప్పిన పువ్వు, కేసరం, కోసిన కాయ విడిగా గీసి ఉంటాయి. చూపు ఎక్కడ నిలపాలో ఆ చేతులకు తెలుసు. నక్క ఉల్లిని ఇప్పుడు డ్రిమియా ఇండికా అంటున్నారు. ఇండికా అన్న సగం రాక్స్‌బర్గ్ పెట్టిందే.

పరాయి నేల మీద

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇళ్ల ముందు పచ్చికలో ఉల్లికాడల్లాంటి పోచలు కనిపిస్తాయి. గడ్డి కోసినప్పుడు ఘాటు వస్తుంది. ఆకు గుండ్రటి డొల్ల అయితే యూరప్ నుంచి వచ్చిన ఆలియం వినియాలే. ఆకు చదునై, లోపల నిండుగా ఉండి, గడ్డమీద పీచు వలలా అల్లుకుని ఉంటే అక్కడి నేలదే అయిన ఆలియం కెనడెన్స్. వాటి మధ్యే స్టార్ ఆఫ్ బెత్లెహామ్ అనే విషపుమొక్క మొలుస్తుంది. దాని ఆకు నడుమ తెల్లటి గీత ఉంటుంది, వాసన ఉండదు.

జర్మనీ, ఆస్ట్రియాల్లో వసంతకాలంలో జనం అడవికి వెళ్లి ఎలుగుబంటి వెల్లుల్లి, అంటే ఆలియం ఉర్సినం, ఆకు కోసుకొస్తారు. అదే నేలలో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, శరత్ క్రోకస్ అనే కాల్చికం కూడా అలాంటి ఆకులే వేస్తాయి. కాల్చికాన్ని వెల్లుల్లి ఆకనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఎలుగుబంటి వెల్లుల్లి ఆకు ఒక్కోటీ తన తొడిమతో నేలలోంచి విడిగా వస్తుంది. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ ఆకులు ఒకే కాడమీద జంటగా ఉంటాయి. కాల్చికం ఆకుకు తొడిమే ఉండదు. గుప్పెట నిండా ఒకేసారి కోసేవాడికి ఈ తేడాలు తెలియవు. ఒక్కో ఆకూ చూసి కోసేవాడికి తెలుస్తాయి.

చూసే క్రమం ఇది. ముందు ఆకు నలిపి వాసన చూడాలి, నోట పెట్టకూడదు. తర్వాత ఆకును అడ్డంగా తుంచి డొల్లో నిండో చూడాలి. ఆ తర్వాత పువ్వు: ఆకులేని కాడ, పల్చని ముసుగు, ఒక్కచోట పుట్టిన తొడిమలు, రేకుల పైన కూర్చున్న అండాశయం. ఇవన్నీ ఒక్కమాట మీద ఉంటేనే అది ఉల్లి ఇంటిది.

ఈసారి మీ బుట్టలో గడ్డ మొలకెత్తితే కుండీలో పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ఆ పూలబంతి ముందు కూర్చోబెట్టి భూతద్దం చేతికివ్వండి. అసలు ఉల్లిని ఒకసారి దగ్గరగా చూసినవాళ్లు నక్క ఉల్లిని ఎక్కడ చూసినా పోల్చుకుంటారు. ఒక్కమాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఘాటు లేని అడవి గడ్డను నోట పెట్టకండి, ఘాటున్నదాన్ని కూడా పువ్వు చూసేదాకా నమ్మకండి.